ఒక్క ముడి కూడా ఊడలేదు

భవాని పేట్‌లో అంబాదాస్ అని కేకేస్తే పది తలుపులు తెరుచుకుంటాయి. పత్రాల అంబాదాస్ అంటే మాత్రం ఒక్కడే పలుకుతాడు. పత్రాలంటే ఇంటి మీద వేసే రేకులు. వైశాఖంలో సోలాపూర్ ఎండ వారం రోజులు కాల్చి కాల్చి, ఒక సాయంత్రం నాలుగింటికి ఉన్నట్టుండి ఆకాశం నల్లబడి గాలిదుమారం లేస్తుంది. ఎవరి రేకు ఎవరి వాకిట్లో పడిందో తెలియక జనం నెత్తి పట్టుకునే ఆ గంటలో మొదట మోగేది ఇతని ఫోనే. భుజాన నిచ్చెన, నోట్లో తీగముక్క పెట్టుకుని, యాభై ఆరేళ్ళ మనిషి పెళ్ళికొడుకులా నడిచి వస్తాడు. అందరూ ఏడుస్తుంటే ఇతని మొహం మాత్రం వెలిగిపోతూ ఉంటుంది. అది చూసి ఒళ్ళు మండినవాళ్ళూ ఉన్నారు.

పుట్టుకతో అతను రేకుల మనిషేం కాదు. పదిహేడో ఏట మొదలుపెట్టి ముప్పై మూడేళ్ళు బీములు అతికాడు. మగ్గం మీద పడుగు అయిపోవచ్చినప్పుడు బీము, అంటే కొత్త పోగులు చుట్టిన దుంగ తెచ్చి, పాత పోగుల కొసలకు కొత్త పోగుల కొసల్ని ఒక్కొక్కటిగా ముడివెయ్యాలి. చద్దర్లు, అంటే దుప్పట్లు నేసే మగ్గమైతే రెండు మూడు వేల పోగులు. వేసిన ముడి కంటికి కనబడకూడదు, వేలికి తగలకూడదు, ఊడకూడదు. అంబాదాస్ ముడి వేశాడంటే మగ్గం యజమాని తిరిగి చూసుకునేవాడు కాదు. ఆ తర్వాత ముడులేసే మిషను వచ్చింది. అతను రోజంతా వేసే ముడుల్ని అది ఒక చాయ్ తాగి వచ్చేలోపు వేసి పారేసింది. అంబాదాస్ రెండు రోజులు దాని పక్కనే కూర్చుని, తప్పు దొరక్కపోతుందా అని ప్రతి ముడినీ తడిమి చూశాడు. దొరకలేదు. మూడో రోజు పనికి వెళ్ళలేదు. ఆ బాధ ఎవరికీ చెప్పుకోలేదు గానీ, చేతులు ఊరుకోక ఇంట్లో కనబడిన ప్రతిదానికీ ముడులేశాడు. భార్య గోదావరి ఉల్లిగడ్డల సంచి విప్పలేక కత్తెరతో కోసుకున్న రోజులవి.

అంతలో ఒక గాలివానకు, బీడీలు చుట్టే బాలమణి ఇంటి రేకులు గల్లీ అంతా చెల్లాచెదురయ్యాయి. పనిలేని అంబాదాస్ వాటిని ఏరుకొచ్చి, అంచులకు చిల్లులు పొడిచి, రేకును రేకుకు ఇనుపతీగతో కట్టాడు. రేకుల్ని కింది పైపులకు, పైపును పైపుకు కట్టాడు. మొత్తం రెండు వందల పన్నెండు ముడులు, అన్నీ బీము అతికే ముడులే. తర్వాత పైపుల కొసల్ని గోడ మీది గూళ్ళలో ఆనించి, చూడటానికి బాగుంటుందని చుట్టూ నాలుగు తాపీల సిమెంటు మెత్తాడు. ఆ కప్పు కింద నిలబడి పైకి చూసినప్పుడు, ముప్పై మూడేళ్ళ పనిలో ఏనాడూ కనబడని తన ముడులు మొదటిసారి కనబడి అతనికి కళ్ళనీళ్ళు తిరిగాయి.

ఆరేళ్ళలో అలాంటి కప్పులు నలభై నాలుగు కట్టాడు. పని ఎంత గట్టిదో పొగరూ అంత గట్టిది. భవాని పేట్‌లో ఎవరింటి రేకుల మీద చూసినా బండరాళ్ళు, అరిగిన టైర్లు, విరిగిన మగ్గం చక్రాలు బరువుకు పెట్టి ఉంటాయి. అంబాదాస్ కప్పు కడితే అవన్నీ దించెయ్యాల్సిందే.

"నేను కట్టిన కప్పు మీద రాయి పెట్టుడంటే నా మొఖం మీద పెట్టినట్టే. ఒక్క ముడి ఊడితే మీసం గొరిగించుకుంట," అనేవాడు.

గోదావరికి ఈ మీసాల కబుర్లంటే మంట. మొన్న మాఘంలో నిచ్చెన జారి పడి మూడు వారాలు మంచంలో ఉన్నాడు మరి. ఆవిడ తన అన్నను పట్టుకుని, కొంతం చౌక్ అవతల ఒక పెళ్ళిళ్ళ హాలులో వాచ్‌మన్ నౌకరి కుదిర్చింది. నీలం చొక్కా, ప్యాంటు, టోపీ, విజిల్, బెత్తెడు వెడల్పు బెల్టు ఇంటికే వచ్చేశాయి. గేటు తియ్యాలి, గేటు వెయ్యాలి, అంతే పని. వేళ్ళతో బతికిన మనిషికి ఆ గేటు తలుచుకుంటేనే గుండెలో రాయి పడేది. మిషను ఒక పని లాక్కుంది, ఇప్పుడు పెళ్ళాం రెండోది లాక్కుంటోంది. ఇక ఈ చేతులు దేనికి? నెలరోజులు గొడవపడి చివరికి అతనే నోరు జారాడు.

"నా కప్పులల్ల ఒక్కటి లేచినా ఆ టోపీ పెట్టుకుంట, పో!"

"సోమవారం జాయిన్ కావాల్నట. అందాక చూస్త," అంది గోదావరి. ఆవిడ మాట మీద నిలబడే మనిషి.

శుక్రవారం రాత్రి దుమారం లేచింది. శనివారం పొద్దున ఆరింటికి ఫోను మోగింది.

"అన్నా, నేను బాలమణిని. నీ కప్పు రామన్న ఇంటి మీద ఉన్నదే."

"ఒక పత్రానా, రెండా?"

"కప్పన్న! పూరా కప్పు!"

అంబాదాస్ వెళ్ళి చూసేసరికి గల్లీ నిండా జనం. బాలమణి ఇంటికి నాలుగు గోడలున్నాయి, పైన ఆకాశం ఉంది. ఆవిడ రోజూ కూర్చునే చోటే కూర్చుని, కుర్చీకి కట్టిన గొడుగు కింద బీడీలు చుడుతోంది. ఇల్లు ఎగిరిపోయినా ఆకు ఎండిపోకూడదు కదా. తంబాకు తడవకుండా కుక్కర్‌లో పెట్టి, పైన విజిల్ కూడా పెట్టింది. గల్లీకి అవతల రామన్న ఇంటి మీద, అతని చిల్లుల కప్పు పైన, బాలమణి కప్పు అచ్చంగా కుదిరి కూర్చుని ఉంది. మేస్త్రీ కొలత తీసి పెట్టినా అంత తిన్నగా రాదు.

రామన్న మగ్గం నేసే మనిషి, అంబాదాస్‌కు బావ వరస. అరుగు మీద కాలు మీద కాలేసుకుని చాయ్ తాగుతున్నాడు.

"రా బావా రా! రాత్రంతా వాన. మా ఇంట్ల ఒక్క చుక్క పడలే. ఎనిమిదేండ్ల సంది ఇదే మొదటిసారి, గిన్నెలు పెట్టకుంట పండుకున్నం. లై భారీ కట్టినవ్ పో!"

"అది నాది, రామన్నన్నా!" అని బాలమణి గొడుగు కిందనుంచి అరిచింది.

"నీది కాదని ఎవడన్నడు చెల్లె? నేనేమన్న పోయి తెచ్చుకున్ననా? అదే వచ్చింది. ఇంటికొచ్చినదాన్ని ఎల్లగొడ్తరా?"

ఈ గొడవలోకి పంచనామా రాయడానికి వినాయక్ వచ్చాడు. గాలివాన నష్టాలు రాసుకునే గుమాస్తా. చేతిలో ఫారం, చెవిలో పెన్ను.

"కప్పు కూలిందా?" అని బాలమణిని అడిగాడు.

"కూలలే."

"పత్రాలు విరిగినయా?"

"విరగలే."

"మరి పోయిందా? దొరకలేదా?"

"యాడికి పోతది? గదో, నీ ఎదురుంగనే ఉన్నది."

వినాయక్ ఫారం అటూ ఇటూ తిప్పి చూశాడు. కూలినవాటికి గడి ఉంది, విరిగినవాటికి ఉంది, దొరకనివాటికీ ఉంది. ఎదురింటి మీద క్షేమంగా ఉన్న కప్పుకు గడి లేదు. నిట్టూర్చి 'నష్టం లేదు' అని రాశాడు. తర్వాత రామన్న ఇంటిని తలెత్తి చూసి, రెండు కప్పుల బరువు వల్ల గోడలకు ప్రమాదమని, తీవ్ర నష్టం కింద రామన్న పేరు ఎక్కించాడు. బాలమణి బీడీల చేట అవతల పెట్టి లేచింది. వినాయక్ చెప్పులు చేతపట్టుకుని పరుగెత్తడం గల్లీ మొత్తం చూసింది.

అంబాదాస్‌కు ఇవేవీ వినబడటం లేదు. నిచ్చెన వేసుకుని రామన్న ఇంటి మీదికెక్కి, మోకాళ్ళ మీద పాకుతూ ముడులు లెక్కబెట్టుకుంటున్నాడు. రెండు వందల పన్నెండు. అన్నీ ఉన్నాయి. అతనికి సంతోషం పట్టలేదు. పైనుంచే మీసం మెలేశాడు.

"ఒక్క ముడి కూడా ఊడలే! వినుండ్రి! గాలికి కొట్టుకవచ్చింది గాని ఒక్క ముడి ఊడలే!"

జనం చప్పట్లు కొట్టారు. పడుచువాళ్ళు కప్పుతో సెల్ఫీలు దిగారు. బాలమణి మాత్రం గొడుగు పక్కకు జరిపి పైకి చూసింది.

"ముడి ఊడకపోతే మరి ఊడింది ఏందన్నా?"

అతను నవ్వబోయి ఆగిపోయాడు. అక్కడినుంచి చూస్తే బాలమణి గోడలు తిన్నగా కనబడుతున్నాయి. గోడ మీద వరసగా ఖాళీ గూళ్ళు. ఆరు ఎండాకాలాలకు బీటలిచ్చి రాలిన సిమెంటు. ఆ గూళ్ళలో ఎక్కడా ఒక మేకు లేదు, తీగ లేదు, ముడి లేదు. కప్పును గోడకు అసలు కట్టనే లేదు. బీము అతికేవాడు పోగును పోగుకు కడతాడు, మగ్గానికి కట్టడం వాడి పని కాదు, మగ్గం వేరేవాళ్ళది. ఇల్లు కూడా వేరేవాళ్ళదే కదా అనుకున్నట్టు అతని చేతులు ఆరేళ్ళుగా అదే పని చేసుకుంటూ పోయాయి. బాలమణిది ఒక్కటే కాదు, నలభై నాలుగు కప్పులూ అంతే. పైన ఉన్న రాళ్ళు కూడా తనే దింపించాడు.  అంబాదాస్ మీసం మీది చెయ్యి తీసి నిచ్చెన దిగాడు.

కింద గోదావరి నిలబడి ఉంది. చేతిలో వాచ్‌మన్ బట్టల సంచి. ప్యాంటు నడుము వదులైందని టైలరు దగ్గరికి బయలుదేరి, గోల విని ఇటు వచ్చింది.

"లేచిందా, లేదా?"

"ముడి ఊడలే, గోదావరీ."

"ముడి సంగతి నేనడగలే. కప్పు లేచిందా?"

"లేచింది," అన్నాడు, నేల చూస్తూ.

"ఐతే సోమవారం," అంది ఆవిడ.

అతను తల ఊపాడు. సోమవారం సంగతి సోమవారం, కానీ ఇవాళ శనివారం, పొద్దున పది కావస్తోంది. సాయంత్రం మళ్ళీ గాలివాన ఉందని అందరి ఫోన్లలోనూ మెసేజి మోగింది. మిగతా నలభై మూడు కప్పుల కింద మనుషులున్నారు. అంబాదాస్ రామన్న అరుగెక్కి గొంతెత్తాడు.

"అరే, వినుండ్రి! నా కప్పులు ఉత్తగనే గోడ మీద పెట్టినవి! నేను గోడకు కట్టలే! తప్పు నాది!"

తప్పు ఒప్పుకుంటే జనం తంతారని అతను సిద్ధపడే ఉన్నాడు. అదే జరిగితే బాగుండేది.

"చూసినవా, ఎంత మంచి మనిషో! తప్పు గాలిది, తన మీద ఏసుకుంటుండు," అంది ఒక ముసలావిడ.

"గాలిల ఎగిరినా విడిపోలే. గిసోంటి కప్పు ముంబైల సుత దొరకది," అన్నాడు ఇంకొకడు.

ఉన్నపాటున అయిదుగురు కొత్త కప్పులు కట్టమని అడిగారు. మా ఇంటిది ముందు, మా ఇంటిది ముందు అని వాళ్ళలో వాళ్ళు తోసుకున్నారు. నేను పనికిమాలినోణ్ణి అని అంబాదాస్ ఎంత అరిస్తే గిరాకీ అంత పెరిగింది. చివరికి గొంతు బొంగురుపోయి అరుగు మీద కూలబడ్డాడు. ముప్పై ఏళ్ళ కాపురంలో గోదావరి అతని మొహం అలా చూడలేదు. ఆవిడ సంచిలో చెయ్యి పెట్టి విజిల్ తీసి ఇచ్చింది.

"గొంతు చించుకోకు. ఇది ఊదు. టోపీ సుత పెట్టుకో."

అతను టోపీ పెట్టుకుని విజిల్ ఊదాడు. గల్లీ మొత్తం గప్‌చుప్. అంబాదాస్ మాట చెవినపెట్టని జనం టోపీ మాటకు వరసలో నిలబడ్డారు. ఇదేం లోకమో అని గోదావరికి నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది.

"బావా, ఆ కప్పు నీ గోడకు సుత కట్టి లేదు," అన్నాడు అంబాదాస్ రామన్నతో. "పొద్దుగూకెలోపు మళ్ళ లేస్తది. ఈసారి నీ కప్పును సుత ఎంటబెట్టుకుని పోతది."

"నాది సుతనా?" రామన్న చేతిలోని చాయ్ ఒలికింది. "అరే, చూస్తరేంది? ఎత్తుండ్రి, ఎత్తుండ్రి! పరాయి సొత్తు మనకెందుకు!"

ముడులు కోసి విడివిడిగా దింపితే మళ్ళీ కట్టడానికి రెండు రోజులు పడుతుంది. అందుకని నలభై మంది కప్పు కప్పునే ఎత్తారు. విజిల్ ఒకసారి ఊదితే ముందుకు, రెండుసార్లు ఊదితే ఆగాలి. కరెంటు తీగల కింద వంగుతూ, ఎవరి కాలు ఎవరు తొక్కారో తిట్టుకుంటూ, దేవుడి పల్లకి మోసినట్టు గల్లీ దాటించారు. ఎవరో అలవాటుగా కొబ్బరికాయ కూడా కొట్టారు. బాలమణి గొడుగు మడిచి, కుక్కర్ ఒళ్ళో పెట్టుకుని, తన కప్పు తన మీదికి దిగుతుంటే కదలకుండా అక్కడే కూర్చుంది.

ఇక కట్టడం. గోడలకు కొక్కేలు బిగించి సిమెంటు ఆరేదాకా గాలి ఆగదు. దించిన రాళ్ళు ఈ ఆరేళ్ళలో ఎటు పోయాయో ఎవరికీ తెలియదు. అప్పుడు అంబాదాస్‌కు మగ్గం గుర్తొచ్చింది. భవాని పేట్‌లో చాలా ఇళ్ళలో ఉండేదే, నేలలో బోల్టులతో దిగేసిన ఆ ఇనుప మగ్గం ఏ గాలికీ లేవదు. ముప్పై మూడేళ్ళూ తను కట్టకుండా వదిలేసింది కూడా దానికే. తాళ్ళు చాలకపోతే రామన్న తన షెడ్డులోంచి అమ్ముడుపోని డ్యామేజీ చద్దర్లు తెచ్చి పోశాడు. ఆడవాళ్ళు వాటిని పేని మోకులు చేశారు. పై పైపుకు ఒక కొస, మగ్గం కాళ్ళకు ఒక కొస. ఇంటింటా కప్పు నుంచి నేల దాకా రంగురంగుల పూల చద్దర్లు వేలాడాయి. మగ్గం అమ్ముకున్న ఇళ్ళలో రుబ్బురోళ్ళకు కట్టారు, నీళ్ళు నింపిన డ్రమ్ములకు కట్టారు. ఒక ఇంట్లో ఏమీ దొరక్క, ఎవరు చెప్పినా మంచం దిగని తాత మంచానికి కట్టారు. తాత అభ్యంతరం చెప్పలేదు. అంబాదాస్ విజిల్ ఊదుకుంటూ ఇల్లిల్లూ తిరిగాడు. ప్రతి ఇంట్లోనూ చివరి ముడి తనే వేశాడు, ప్రతి ఇంట్లోనూ క్షమించమని అడిగాడు. ఎవరూ విననే లేదు, చాయ్ తాగి పొమ్మన్నారు.

నలభై మూడో ఇల్లు అయ్యేసరికి నాలుగైంది. ఆకాశం నల్లబడింది. నలభై నాలుగోది అతని సొంత ఇల్లు.

అందులో మగ్గం లేదు. ఒకరి మగ్గాలకు పోగులు అతికిన మనిషికి తన మగ్గం ఏనాడూ లేదు. రోలు లేదు, మిక్సీ ఉంది. నీళ్ళ డ్రమ్ము పక్కింటివాళ్ళకు కట్టడానికి తనే ఇచ్చి వచ్చాడు. ఒక రేకు పెట్టె, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, గోదావరి బీడీల చేట. పైన పైపులు అప్పుడే టకటకమంటున్నాయి. అంబాదాస్ నాలుగు మూలలూ వెతికి, చివరికి గోదావరిని చూశాడు.

"ఏంది, గట్ల చూస్తున్నవ్?"

"కోప్పడకు. మనింట్ల బరువైనదంటే..."

"నోరు ముయ్యి," అంది గోదావరి. కానీ సంచిలోంచి వాచ్‌మన్ బెల్టు తీసి తనే నడుముకు బిగించుకుంది. ఆ బెత్తెడు బెల్టుకు అతను చద్దరు మోకు కట్టి, రెండో కొస పై పైపుకు కట్టాడు. ఇంకో చద్దరు పైపుకు కట్టి, దాని కొస తన నడుముకు చుట్టుకుని ఎదురు మూలన కూర్చున్నాడు. ఆవిడ చేట ఒళ్ళోకి లాక్కుని బీడీలు చుట్టడం మొదలుపెట్టింది. సోమవారానికి ఇవ్వాల్సిన లెక్క ఆవిడకూ ఉంది.

గాలి వచ్చింది. గల్లీలో ఏదో ధబ్బున పడింది. కప్పు బెత్తెడు లేచింది. దాంతోపాటు మొగుడూ పెళ్ళాలిద్దరూ నేల విడిచి బెత్తెడు లేచి, మళ్ళీ కూర్చున్నారు. ఆవిడ చేతిలో బీడీ విడిపోలేదు. మళ్ళీ లేచారు, మళ్ళీ కూర్చున్నారు. అతనికి భయంతో ఏడుపొచ్చింది. తన తప్పుకు ఆవిడను కట్టేశాడు, ఎగిరితే ఇద్దరూ కలిసి ఏ ఇంటి మీద తేలతారో!

"గోదావరీ, నాతోని కాదు. సోమవారం డ్యూటీకి పోత. గేటు కాడ కూసుంట. ఇగ ముడి ముట్ట."

గోదావరి దారం చుట్టి, కొస మడిచి, బీడీ చేటలో పడేసింది. కప్పు మళ్ళీ లేచింది, ఈసారి అంత ఎత్తుకు లేవలేదు. వాన మొదలై రేకుల మీద మోతెత్తింది. ఆ మోతలో గల్లీ నుంచి కేకలు వినబడ్డాయి. మాది ఉన్నది, మాది ఉన్నది అని ఇంటింటి నుంచీ అరుపులు. రామన్న గొంతు, ఆ వెనక బాలమణి గొంతు. అంబాదాస్ వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. నలభై మూడూ ఉన్నాయి. తలెత్తి పైకి చూస్తే నలభై నాలుగోదీ ఉంది.

గాలి తగ్గాక అతను తన నడుము చుట్టూ ఉన్న చద్దరు జార్చుకుని లేచి, ఆవిడ నడుము దగ్గర కూర్చుని ముడి విప్పబోయాడు. రాలేదు. పళ్ళతో లాగినా రాలేదు. సిగ్గుపడుతూ కత్తెర తెచ్చాడు.

"కొయ్యకు," అంది గోదావరి. "రేపు సుత గాలి ఉన్నదట."

"మరి సోమవారం?"

"ఆ బట్టలు మా అన్నకు వాపస్ ఇచ్చి రా. నువ్వు గేటు కాడ కూసుంటే ఆ మూల ఎవరు కూసోవాలె?"

అంబాదాస్ కత్తెర కింద పెట్టాడు.  తర్వాత నెమ్మదిగా అడిగాడు.

"బెల్టు అడుగుతరేమో?"

గోదావరి ఇంకో ఆకు చేతిలోకి తీసుకుని, తంబాకు పోసింది.

"గాలికి కొట్టుకపోయిందని చెప్పు."